మానికెడు తౌడుకు అమ్ముడుపోయిన దొర

నర్సింగరావుపేటలో పాలు అమ్ముకోవాలంటే బర్రె ఉంటే చాలదు, బొటనవేలికి సిరా కూడా ఉండాలి. విద్యాసాగర్‌రావు దొర గడిలో పాలు పోసిన మనిషి ఎవరైనా సరే, అరుగు మీద కూర్చుని వేలిముద్ర వేసి పోవలసిందే. గడ్డం గీయడానికి వచ్చినా అంతే, బట్టలు ఉతికి తెచ్చినా అంతే. ఒకసారి గడిలో కుక్క ఎవరినో కరిస్తే, కరిపించుకున్నవాడి చేత 'కరిచిన మాట వాస్తవము' అని రాయించుకుని మరీ మందు ఇప్పించాడాయన. భార్య సరళాదేవికి కూడా మినహాయింపు లేదు. చక్కెర డబ్బా నిండుకుంటే ఆమె చీటీ రాసి పంపాలి. కావాలనే ఆమె ఆ చీటీల్లో 'మహారాజశ్రీ పెనిమిటి గారికి' అని మొదలుపెట్టేది. అది వెక్కిరింపని ఆయనకు ఏనాడూ తట్టలేదు. పద్ధతిగా ఉందని మెచ్చుకుని దాచుకున్నాడు.

వయసులో ఉండగా వకాలతు చదవడానికి హైదరాబాదు పోయి, పరీక్ష తప్పి తిరిగొచ్చాడు. వకీలు కాలేకపోయాడు గానీ ఆ గుణం మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఎవరేం చెప్పినా కళ్లద్దాలు సర్దుకుని "కాయితం ఉన్నదా?" అంటాడు. ఊళ్లోవాళ్లు ముందర దొర అనీ, వెనక కాయితాల దొర అనీ పిలిచేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. రుజువు లేదు కాబట్టి ఊరుకున్నాడు.

అలాంటి మనిషి, తన తాత ఎవరి కొడుకో చూపించలేక నలుగురిలో నోరు వెళ్లబెట్టాడంటే, దానికి కారణం ఎవరో కాదు. ఆయనే.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో ఆ ఊరికి కొత్త బడి కట్టారు. స్థలం మటుకు ఎప్పుడో నర్సింగరావు వదిలిపెట్టినదే. నర్సింగరావంటే ఊరికి పేరిచ్చిన పాతకాలపు పట్వారీ, విద్యాసాగర్‌రావుకు ముత్తాత. బడికి ఆయన పేరు పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. గుమ్మం పక్కన రాతిపలక ఒకటి. దాని మీద ఆయన పేరు, కింద 'వీరి పెద్దింటి వారసులు శ్రీ' అని చెక్కి, కాస్త జాగా ఖాళీగా వదిలి, రాయి కొట్టే మనిషి ఉలి పక్కన పెట్టి బీడీ ముట్టించాడు. ఆ జాగాలో ఎవరి పేరు రావాలో తేలలేదు మరి.

నర్సింగరావుకు బతికిన మగపిల్లలు ఇద్దరు, భూపతిరావు, మాధవరావు. భూపతిరావు మనవడు మన విద్యాసాగర్‌రావు. మాధవరావు మనవడు కరుణాకర్‌రావు. ఈయన బొద్దు మనిషి, ముక్కుపొడి ప్రియుడు, ఏ మాటనైనా తుమ్ముతో ముగిస్తాడు. ఇద్దరి గోడలూ ఒకటే, ఇద్దరి నోళ్లూ మాత్రం కలవవు.

"పెద్దరికం మాదే అన్నా. ముత్తాత సచ్చేటప్పుడు మా తాత నెత్తి మీద చెయ్యి పెట్టి 'ఇగ పెద్దరికం నీదేరా మాధవా' అన్నడట. మా నాయనమ్మ చెప్పింది" అన్నాడు కరుణాకర్‌రావు.

"కాయితం ఉన్నదా?"

"సచ్చేటోడు కాయితం రాసుకుంట కూసుంటడా?"

"మా ముత్తాతైతే కూసుంటడు" అన్నాడు విద్యాసాగర్‌రావు. ఆ ముక్క ఆయన గర్వంగానే అన్నాడు.

తీర్పు చెప్పే పని హెడ్మాస్టరు రామచంద్రం మీద పడింది. కరీంనగర్ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. ఇద్దరు దొరలకూ సమానంగా భయపడతాడు కాబట్టి, ఇంతకన్నా న్యాయమైన మనిషి దొరకడని ఇద్దరూ ఒప్పుకున్నారు. విచారణ మొదలు కాకముందే విద్యాసాగర్‌రావు ఒక ఒప్పందం తనే రాసి, తమ్ముడి చేత సంతకం పెట్టించి, తనూ పెట్టాడు. అందులో ఉన్నది ఒకటే షరతు. వంశం సంగతిలో కాగితం మీద ఉన్నదే నిజం, నోటిమాట ఎవరిదైనా చెల్లదు.

మొదటిరోజే గెలిచాడు. నర్సింగరావు స్వయంగా రాసి మొహరు వేసిన పంపకాల కాగితం పట్టుకొచ్చాడు. 'పెద్దవాడు భూపతిరావుకు తూర్పు చెలక, చిన్న కొడుకు మాధవరావుకు పడమటి చెలక' అని స్పష్టంగా ఉంది. రామచంద్రం సంతోషంగా చేతులు దులుపుకున్నాడు. రాయి కొట్టే మనిషి బీడీ పారేసి ఉలి అందుకున్నాడు.

"జర ఆగుండ్రి. మా ఇంట్ల గూడ ముత్తాత సందుగ ఒకటున్నది. మేం కాయితాలు మొక్కుకునేటోళ్లం కాదు గన్క దాన్ని తెరవలే. రేపు తెరుస్త" అన్నాడు కరుణాకర్‌రావు, తుమ్మి.

తెరిచాడు. మరునాడు పాత బడి వరండాలో ఊరు ఊరంతా చేరింది. కరుణాకర్‌రావు ఒక నల్లబడ్డ కాగితాన్ని పళ్లెంలో పెట్టి, పైన తమలపాకు కప్పి మరీ తెచ్చాడు. గొలుసుకట్టు రాత. అడుగున నర్సింగరావు మొహరు. రామచంద్రం దాన్ని ముక్కుకు ఆనించుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

"పట్వారీ నర్సింగరావు రాసి ఇచ్చిన క్రయపత్రం. ఏమనగా, నా ఇంట పుట్టిన భూపతి అను మగశిశువును మానికెడు తౌడు వెల పుచ్చుకుని సాలె చంద్రవ్వకు శాశ్వతంగా అమ్మితిని. హద్దులు: తూర్పున మంత్రసాని, పడమర గోడ, ఉత్తరాన తల్లి మంచం, దక్షిణాన ఏడ్చుచున్న మేనత్త. ఈ హద్దుల నడుమ చాటలో ఉన్న శిశువు, అందులోని జల నిధి నిక్షేపాలతో సహా, ఇకమీదట చంద్రవ్వ సొత్తు. నాకు గానీ నా వారసులకు గానీ హక్కు లేదు. పై అధికారులు ఎవరైనా వచ్చి అడిగిన యెడల ఈ పత్రము చూపి పంపవలెను."

'జల నిధి' దగ్గరే ఎవడో కిసుక్కున నవ్వాడు, పత్రం ముగిసేసరికి వరండా అంతా నవ్వులతో బద్దలైంది. పసిబిడ్డ చాటలో చేసే జలం ఏమిటో అందరికీ తెలుసు. పాపం, నర్సింగరావుకు జన్మలో భూమి పత్రాలు తప్ప మరొకటి రాయడం రాదు. కొడుకును అమ్మినా చెలకను అమ్మినట్టే అమ్మాడు.

రామచంద్రం కళ్లు తుడుచుకుని, "గిది మనకు తెల్వని ఆచారమా? పుట్టినోళ్లు పుట్టినట్టు పోతుంటే, తర్వాత పుట్టినోణ్ణి తౌటికి అమ్మి మల్ల కొనుక్కుంటరు. మా కరీంనగర్‌ల నా మేనమామ గూడ గట్ల అమ్ముడుపోయినోడే" అన్నాడు.

"ఒప్పుకున్న సార్" అన్నాడు కరుణాకర్‌రావు. "అమ్మిన కాయితం ఉన్నది. మల్ల కొన్న కాయితం ఏది? ముత్తాత గోటితోని గీరినా రాసి పెట్టే మనిషి. కొనుక్కుంటే రాయకపోవునా?"

"పంపకాల కాయితంల పెద్దవాడు అని లేదా?" అన్నాడు విద్యాసాగర్‌రావు.

"పెద్దవాడు అని ఉన్నది. పెద్ద కొడుకు అని లేదు. మా తాతకైతే చిన్న కొడుకు అని రాసిండు, చూసుకో. వయసుల పెద్దోడన్నట్టు. పక్కింటోడు గూడ పెద్దవాడే ఐతడు." ఇంత పెద్ద వాదన కరుణాకర్‌రావు పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. ఆనందం పట్టలేక వరుసగా తుమ్ముతూ, "ఇంకో ఫికర్ ఉన్నదన్నా! గిన్నేండ్లు ముత్తాతకని నువ్వు పెట్టిన పిండాలు యాడికి పోయినయో!" అన్నాడు.

ఒప్పందం ఎదురుగానే ఉంది. రాసింది విద్యాసాగర్‌రావే. రామచంద్రం నసిగి నసిగి, పొలాల అమావాస్య అయ్యాక మళ్లీ కూర్చుందామనీ, ఈలోపు కొనుగోలు కాగితం చూపించకపోతే పలక మీద తమ్ముడి పేరు వస్తుందనీ తేల్చాడు. రాయి కొట్టే మనిషి మళ్లీ బీడీ వెలిగించాడు.

సాలెవాళ్ల బిడ్డ అనిపించుకోవడం విద్యాసాగర్‌రావుకు నామోషీ కాదని నేను చెబితే అది పచ్చి అబద్ధం. మొదటిరోజు ఆయన బాధంతా అదే. కండువా నెత్తిన కప్పుకుని, ఎవరికీ మొహం చూపించకుండా దొడ్డి దారిన ఇంటికి పోయాడు. పైగా ఆ సాయంత్రమే సాలెవాడలో ఉండే ముసలి కనకవ్వ కొడుకు దేవదాస్ వచ్చాడు. ఆ చంద్రవ్వ ఇంటివాళ్లే వీళ్లు. నేతగాళ్ల సహకార సంఘంలో పెద్ద అతను. చేతిలో పూలదండ.

"దొరా, మా సంఘంల మీ పేరు రాసుకోమంటరా? మనోళ్లే అని ఎరికైనంక పిలువకుంటే బాగుండదు గదా" అన్నాడు, కల్లాకపటం లేకుండా. "మగ్గం లేకున్నా సభ్యత్వం ఇస్తం. మెల్లగ నేర్చుకుందురు."

తలుపు చాటున సరళాదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. దేవదాస్ వెళ్లిపోయాక, "పూలదండకు రసీదు ఇయ్యలేదు మీరు" అని గుర్తు చేసింది కూడా.

ఆ మరునాటి నుంచి పెట్టెలు దించడం మొదలైంది. గడిలో మనుషులకన్నా పెట్టెలు ఎక్కువ. నర్సింగరావు రాతలన్నీ నేల మీద పరిచి, పైన గోధుమలూ కందులూ గుప్పెడు గుప్పెడు బరువు పెట్టి, విద్యాసాగర్‌రావు మోకాళ్ల మీద పాకుతూ చదివాడు. బర్రెను కొన్న కాగితం ఉంది, బావి తవ్విన కాగితం ఉంది, అల్లుడు అలిగి పోయిన తేదీ ఉంది, తిరిగి వచ్చిన తేదీ ఉంది. బిడ్డను కొన్న కాగితం లేదు.

వెతకగా వెతకగా ఆయనకు ఇంకొకటి కనబడింది. అది కనబడ్డాక నామోషీ సంగతి మరిచిపోయాడు. మాధవరావు పేరు వచ్చిన ప్రతిచోటా 'నా కొడుకు' అని ఉంది. భూపతిరావు పేరు దగ్గర ఎక్కడా ఆ మాట లేదు. బారసాల ఖర్చులో 'పిల్లవాడు'. పెళ్లి ఖర్చులో 'వరుడు'. పంపకాల్లో 'పెద్దవాడు'. నర్సింగరావు జన్మంతా రాసిన రాతల్లో ఒక్కసారి, పొరపాటునైనా, పెద్దవాణ్ణి కొడుకు అనలేదు.

గోడ మీద భూపతిరావు పటం ఉంది. తలపాగా, గుబురు మీసం, ఎడమ ముక్కుపుటానికి చిన్న రంధ్రం. అది బల్లెం దెబ్బ అని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ యుద్ధమో, ముక్కుపుటానికే గురి చూసి పొడిచినవాడు ఎవడో మాత్రం ఎవరూ చెప్పరు. విద్యాసాగర్‌రావు పసితనమంతా ఆ తాత ఒళ్లోనే గడిచింది. ఆ రంధ్రంలో చీపురుపుల్ల దూర్చి తాతను తుమ్మించడం అప్పట్లో ఆయనకు ఆట. తుమ్మి, కళ్లనీళ్లు తుడుచుకుని, తాత రోజూ ఒకే మాట అనేవాడు. "మా బాపు రాయని ముచ్చట లేదురా విద్యా. నన్ను గూడ యాడనో రాసే ఉంటడు."

అప్పుడు నవ్వులాటగా విన్న ఆ మాట ఇప్పుడు గుండెలో పడింది. రాయలేదు తాతా, అనుకున్నాడు. మీ బాపు నిన్ను అమ్మిన సంగతి రాశాడు గానీ, నువ్వు తన కొడుకువన్న సంగతి రాయలేదు. పలక పోతే పోయింది. తాతను కన్నతండ్రి వద్దనుకున్నాడా? కందుల, కాగితాల మధ్య కూలబడి ఆ పెద్దమనిషి ఏడ్చాడు. సరళాదేవి ఆ రోజు ఏమీ వెక్కిరించలేదు. మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, రసీదు మాట ఎత్తకుండానే పోయింది.

అమావాస్య వచ్చింది. ఎద్దుల కొమ్ములకు రంగులేసి ఊరేగించే సందడిలో దేవదాస్ ఎప్పటిలాగే గడికి వచ్చి ఒక కొత్త తువ్వాల ఇచ్చాడు. ఎర్రంచు తెల్ల తువ్వాల. ప్రతి పొలాల అమావాస్యకూ వాళ్లింటి నుంచి అది వస్తుంది, గడిలో పెద్దవాడు భుజం మీద వేసుకుంటాడు. భూపతిరావు వేసుకున్నాడు, తరువాత విద్యాసాగర్‌రావు తండ్రి, ఇప్పుడు ఈయన. ఎందుకు వస్తుందని ఈయన ఏనాడూ అడగలేదు. ఇచ్చేటప్పుడే కదా ఆయనకు కాగితం కావలసింది, పుచ్చుకునేటప్పుడు అంత పట్టింపు లేదు.

ఇచ్చేది కూడా ఒకటి ఉండేది. అదే రోజు గడి నుంచి కనకవ్వ ఇంటికి చాటెడు తౌడు పోయేది. పోలీసు యాక్షన్ తరువాత ఇంటి ఖర్చులు సర్దుతూ, ఇదేమిటని విద్యాసాగర్‌రావు తల్లిని అడిగాడు. ఎప్పటినుంచో ఇస్తున్నాం అందామె. ఎప్పటినుంచో అంటే ఏ తేదీ నుంచి అన్నాడు. ఆమె దగ్గర తేదీ లేదు, ఈయన తౌడు ఆపేశాడు. కనకవ్వ వచ్చి, "తౌడు రాలే దొరా" అంటే, "కాయితం ఉన్నదా?" అన్నాడు. ఆమె ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసి, పడీ పడీ నవ్వి వెళ్లిపోయింది. తువ్వాల మాత్రం ఆపలేదు.

"గీ తువ్వాల ఎందుకిస్తున్నరు?" అని ఇన్నేళ్లకు అడిగాడు.

"నాకెరుక లే దొరా. అవ్వ పంపుమన్నది" అన్నాడు దేవదాస్.

విద్యాసాగర్‌రావు చెప్పులేసుకుని, ఆ తువ్వాల పట్టుకుని, మొదటిసారి సాలెవాడలో అడుగుపెట్టాడు. కనకవ్వ గుంటమగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. ఒళ్లంతా ముడతలు, నోట్లో పళ్లు లేవు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. దొరను చూసి లేవలేదు. పీట జరిపింది.

"కనకవ్వా, మీ ఇంట్ల ఏదన్న పాత కాయితం ఉన్నదా? మా తాతను మల్ల కొనుక్కున్నట్టు?"

"వత్తవని ఎరికే" అంది ఆమె. "కాయితం లేదు. మా అత్తకు మా చంద్రవ్వ చెప్పింది, నాకు మా అత్త చెప్పింది. ఇంటవా? ఇననంటే పో, నాకు పనున్నది."

ఆయన పీట మీద కూర్చున్నాడు.

"మీ ముత్తాతకు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయిండ్రు. తౌటికి అమ్మిండు, పెంట మీద ఏసి తెచ్చుకున్నడు, అయినా దక్కలే. ఆఖరుకు ఆయన ఏమన్నడట? యమునికాడ చిత్రగుప్తుడు ఉన్నడు, ఆయన లెక్కలాయన, నాసొంటి పట్వారీ. నోటిమాట ఎట్ల నమ్ముతడు? నేనైతే నమ్ముతనా? కాయితం సూపిస్తెనే ఇనుకుంటడు అన్నడట. గందుకని మొహరు కొట్టి అమ్మిండు. పై అధికారులు అంటె తాసిల్దారు కాదు, యమునోళ్లు. వస్తె మా ఇంటికాడ వెతుకుతరు, గీడ ఆళ్లకు దొరకకుండ పోరడు గడిల ఉంటడు. మా చంద్రవ్వ నూలుసూదితోని ముక్కు కుట్టి, మా బిడ్డే అని గురుతు పెట్టింది."

"బల్లెం కాదా?" అన్నాడు విద్యాసాగర్‌రావు, చిన్నపిల్లవాడిలా.

"బల్లెమా! సూది తగిలితెనే ఊరంత ఇనబడేటట్టు ఏడ్చిండట. ఆ పొద్దే మీ ముత్తాత చాటెడు తౌడు తెచ్చి పిల్లగాణ్ణి మల్ల కొనుక్కున్నడు. మా చంద్రవ్వ, 'గిది గూడ రాస్తరా దొరా?' అన్నది. ఆయన అటు ఇటు చూసి, చెవుల చెప్పిండట. రాయను చంద్రవ్వా, రాస్తె ఆ చిత్రగుప్తుడు సదువుతడు, నా కొడుకని ఎరికైతది అని." కనకవ్వ కండె ఆపింది. "జన్మంత రాయలే ఆయన. నోట్ల నా కొడుకా నా కొడుకా అని పిలిచెటోడు, కాయితం మీద మాత్రం రాయలే. రాస్తె పోతడని బుగులు. పోరడు మీసాలొచ్చి, పెండ్లయి, పిల్లల తండ్రైనా గూడ బుగులే. ఏటేటా తౌడు మాత్రం పంపిండు. తువ్వాల మా దిక్కుకెల్లి. అమ్మినా మా బిడ్డే గదా, పెట్టుకుంటం."

బర్రెకూ బావికీ అల్లుడి అలకకూ కాగితం రాసిన మనిషి, ఒకే ఒక్క మాట రాయకుండా జీవితమంతా చేతిని బిగబట్టుకున్నాడు. తాతా, నిన్ను రాయకపోవడమే ఆయన నిన్ను రాయడం, అనుకున్నాడు విద్యాసాగర్‌రావు. తువ్వాలతో ముక్కు తుడుచుకున్నాడు. అది కొత్తదని కూడా చూడలేదు.

"మరి తౌడు ఆపేస్తె అప్పుడే గిదంత చెప్పకపోతివి?"

"కాయితం ఉన్నదా అంటివి. నాకు నవ్వొచ్చింది. అచ్చం ఆ ముసలాయన లెక్కనే అడిగినవని మా అత్తను తలుసుకున్న. దొర పిచ్చి దొర మునిమనవనికి వచ్చిందనుకున్న. గీ కాయితం పిచ్చి సాలోళ్లింట్ల పుట్టదు బిడ్డా, అది గడిలనే పుడతది." మళ్లీ కండె తిప్పింది. "లెక్కకు నేన్నీకు చిన్నవ్వనైత. ఇగ నన్ను కనకవ్వా అనకు."

అమావాస్య మరునాడు వరండా మళ్లీ నిండింది. కనకవ్వను దేవదాస్ చేయి పట్టి తెచ్చాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు అందరి ముందూ చెప్పింది. ముక్కుపుటం దగ్గరికి వచ్చేసరికి రాయి కొట్టే మనిషి కూడా బీడీ ఆర్పి విన్నాడు. అంతా అయ్యాక రామచంద్రం ఒప్పందం వైపు చూసి, దిగులుగా, "గిదంత నోటిమాటే గదా" అన్నాడు.

విద్యాసాగర్‌రావు లేచాడు. ఆ ఒప్పందం తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక కాగితం చింపి ఎరగని చేతులు అవి. ఎటునుంచి చింపాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిప్పాడు. సరళాదేవి ఆడవాళ్ల మధ్యనుంచి, "నడుమకు" అని సాయం చేసింది. నడుమకు చింపాడు.

"నోటిమాట చెల్లుతది" అన్నాడు. "కనకవ్వ చిన్నవ్వ మాట చెల్లుతది. మా తాత నర్సింగరావు కొడుకు."

కరుణాకర్‌రావు చటుక్కున లేచాడు. "అయితె మా నాయనమ్మ మాట గూడ చెల్లుతది గదన్నా! సచ్చేటప్పుడు పెద్దరికం మా తాతకిచ్చిండు!"

రామచంద్రం కళ్లు మూసుకున్నాడు. విద్యాసాగర్‌రావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. కాయితం ఉన్నదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చిన సంగతి మొహంలో అందరికీ కనబడింది. దాన్ని గుటకేసి మింగాడు.

"చెల్లుతది. ఒక మాట నమ్మి ఒక మాట నమ్మననుడు న్యాయం కాదు. నీ పేరే చెక్కించుకో తమ్మీ."

కరుణాకర్‌రావు దెబ్బలాటకు సిద్ధమై వచ్చిన మనిషి. ఎదురు లేకపోయేసరికి ఏం చేయాలో తోచక తుమ్మబోయాడు, తుమ్ము కూడా రాలేదు. "అన్నా, పిండాల మాట నేను నవ్వులాటకు అన్న" అన్నాడు చిన్న గొంతుతో. ఆ తరువాత కొంచెం ధైర్యం తెచ్చుకుని, "ఇగ పెద్దరికం మాదైతే, చిన్నవ్వకు తౌడు గూడ మేమే పంపాల్నేమో" అన్నాడు.

"పెద్దరికం తీసుకో" అన్నాడు విద్యాసాగర్‌రావు, పాత గొంతుతో, వకీలులాగా. "తౌడు ముట్టితే మాత్రం దావా ఏస్త."

పలక మీద కరుణాకర్‌రావు పేరే చెక్కారు. బడి తెరిచిన రోజున కలెక్టరు ఆయనతోనే చేయి కలిపాడు. విద్యాసాగర్‌రావు వెనక వరుసలో, భుజం మీద ఎర్రంచు తువ్వాలతో కూర్చున్నాడు. పిల్లలు పాట అందుకునే లోపే లేచి వెళ్లిపోయాడు. అలిగాడని అనుకున్నారు జనం.

ఆయన సాలెవాడలో ఉన్నాడు. నెత్తి మీద చాట, చాట నిండా తౌడు. మోయడం అలవాటు లేక సగం దారిలో చాట వాలింది, మీసాల నిండా, కళ్లద్దాల నిండా తౌడు. దేవదాస్ పరుగెత్తుకొచ్చి అందుకోబోతే ఇయ్యలేదు. తనే తీసుకెళ్లి కనకవ్వ ముందు దించాడు.

ఆమె చాటలో చేయి పెట్టి తౌడు మంచిదో కాదో చూసింది. వాసన చూసింది. తల ఎత్తి, పిండి బొమ్మలా నిలబడ్డ ఆ మనిషిని చూసి, నవ్వాపుకుంటూ అడిగింది.

"ముట్టింది కొడుకా. వేలిముద్ర ఎయ్యాల్నా?"

విద్యాసాగర్‌రావు గబగబా అటూ ఇటూ చూశాడు. వంగి, ఆమె చెవిలో చెప్పాడు.

"వద్దు చిన్నవ్వా. ఆయన సదువుతడు."